ఏ ఐరన్లు, ఏ కోర్సుకు: 7 అనే అంకెను నమ్మే ముందు

గోల్ఫ్‌లో బంతిని కొట్టే ఐరన్ క్లబ్ (లోహపు తల ఉన్న కర్ర) అడుగున 7 అని చెక్కి ఉంటుంది. అంకె తగ్గేకొద్దీ బంతి దూరం వెళ్తుందని లెక్క. ఆ 7 అంటే ఏమిటన్నది తయారీదారు ఇష్టం. 7-ఐరన్‌కు ఇంత లాఫ్ట్ (బంతికి తగిలే ముఖం వెనక్కి వాలే కోణం) ఉండాలని గోల్ఫ్ నియమాల్లో ఎక్కడా లేదు. ఒకప్పుడు 35 డిగ్రీల దగ్గర ఉండే 7-ఐరన్, ఇవాళ్టి గేమ్ ఇంప్రూవ్‌మెంట్ (తప్పిన దెబ్బను సర్దిపెట్టే రకం) సెట్లలో 28 నుంచి 30 డిగ్రీల మధ్య వస్తోంది. పాతకాలపు 5-ఐరన్ ఉండింది దాదాపు అక్కడే. పైగా కొత్తదాని షాఫ్ట్ (పొడవాటి కాడ) కాస్త పొడవు కూడా. పాత సెట్టు, కొత్త సెట్టు పక్కపక్కన పెట్టి కొడితే కొత్తది 12–15 గజాలు ఎక్కువ వెళ్తుంది. దుకాణంలో తెర మీద ఆ దూరం చూడగానే మనసు జారిపోతుంది. కొన్నది 7 అని రాసిన 5-ఐరన్ అన్న సంగతి తర్వాతెప్పుడో, గ్రీన్ (జెండా ఉండే పొట్టి గడ్డి) మీద పడిన బంతి ఆగకుండా వెనక రఫ్‌లోకి (పొడవాటి గడ్డిలోకి) దొర్లిపోయినప్పుడు తెలుస్తుంది.

అలాగని ఇదంతా మోసమని కొట్టిపారేయలేం. పలుచని ఫేస్ (బంతికి తగిలే ముఖం), సోల్‌లో (అడుగుభాగంలో) కిందికి వెనక్కి జరిపిన బరువు కలిసి బంతిని ఎత్తుకు లేపుతాయి. అలాంటి హెడ్‌కు (క్లబ్ తలకు) పాత లాఫ్ట్ ఇస్తే బంతి మరీ పైకి లేచిపోతుంది. అందుకే లాఫ్ట్ తగ్గించారు. ఆ లెక్క వేగంగా స్వింగ్ చేసేవారికి సరిపోతుంది. నెమ్మదిగా స్వింగ్ చేసేవారి చేతిలో అదే క్లబ్ బంతిని పల్లంగా, తక్కువ స్పిన్‌తో పంపుతుంది. ఐరన్ అసలు పని దూరం కొట్టడం కాదు, అనుకున్న చోట ఆపడం.

ముందు చూడాల్సింది దిగే కోణం

లాంచ్ మానిటర్ (షాట్‌ను కొలిచే యంత్రం) మీద క్యారీ (బంతి గాల్లో వెళ్లే దూరం) పక్కనే ల్యాండింగ్ యాంగిల్ అని ఇంకో అంకె ఉంటుంది. ఎంపికకు అదే కీలకం. 7-ఐరన్ బంతి 45 డిగ్రీలు, అంతకన్నా నిటారుగా దిగితే మామూలు గ్రీన్ మీద కొద్ది గజాల్లో ఆగుతుంది. 42–45 మధ్య ఉంటే మెత్తటి గ్రీన్ల మీద నెట్టుకురావచ్చు. 40 కంటే తగ్గిందంటే, ముందు బంకర్ (ఇసుక గుంట) ఉన్న గ్రీన్‌ను ఆ క్లబ్‌తో పట్టుకోవడం అదృష్టం మీదే.

లాంచ్ మానిటర్లు తయారుచేసే ట్రాక్‌మ్యాన్ ప్రచురించిన పాత సగటుల్లో పీజీఏ టూర్‌లో ఆడే ప్రొఫెషనల్ మగవాళ్ల 7-ఐరన్ హెడ్ వేగం గంటకు 90 మైళ్లు, క్యారీ 172 గజాలు, దిగే కోణం 50 డిగ్రీలు. ఎల్‌పీజీఏ (మహిళల టూర్) ఆడవాళ్లది 76 మైళ్లు, 141 గజాలు, 47 డిగ్రీలు. వారాంతాల్లో ఆడే చాలామంది మగవాళ్ల వేగం రెండో వరుసకే దగ్గర. కాబట్టి పోల్చుకోవాల్సింది ఎల్‌పీజీఏ ఆటగాళ్లతో. 76 మైళ్ల వేగంతో 141 గజాలు కొట్టి, 47 డిగ్రీల్లో దించుతూ వాళ్లు చక్కగా బతుకుతున్నారు.

బంతి పల్లంగా దిగుతుంటే మార్చాల్సినవి వరుసగా ఇవి: లాఫ్ట్ 2–3 డిగ్రీలు ఎక్కువున్న మోడల్, బంతిని ఎత్తుకు లేపే షాఫ్ట్, ఇంకాస్త స్పిన్ ఇచ్చే బంతి. స్వింగ్ మార్చి బంతిని గరిటెతో తోడినట్టు పైకి లేపాలని చూస్తే ఫ్యాట్ షాట్లు (ముందే నేలకు తగిలేవి), థిన్ షాట్లు (బంతి నడుముకు తగిలేవి) తప్ప ఏమీ రావు.

హెడ్లలో రకాలు

బ్లేడ్లు, అంటే మజిల్‌బ్యాక్‌లు. సన్నటి సోల్, సన్నటి టాప్ లైన్ (హెడ్ పై అంచు), దాదాపు లేని ఆఫ్‌సెట్ (ఫేస్ షాఫ్ట్ కంటే వెనక్కి ఉండటం). మధ్యలో తగిలితే దూరం ఒకేలా వస్తుంది. టో (హెడ్ బయటి కొస) వైపు అర అంగుళం జరిగితే మాత్రం బంతి గ్రీన్ ముందు బంకర్ పాలు. హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయి చెప్పే అంకె, తక్కువైతే మెరుగు) 5 లోపు ఉన్నవారు కూడా షార్ట్ ఐరన్లకే దీన్ని పరిమితం చేస్తే నష్టం లేదు. పెద్ద ఆటగాళ్ల సంచుల్లో చూసి కొనే వస్తువు కాదు.

కేవిటీ బ్యాక్‌లలో వెనక లోహం తొలిచి బరువును అంచులకు పంచుతారు. పింగ్ కంపెనీ పెట్టిన కార్స్టెన్ సోల్‌హైమ్ క్లబ్బులతో ఈ పద్ధతి ఊరూరా పాకింది. 1982లో వచ్చిన పింగ్ ఐ2 ఐరన్లు ఇప్పటికీ కొందరి సంచుల్లో ఉన్నాయి. బరువు అంచుల్లో ఉంటే, మధ్యలో తగలకపోయినా హెడ్ తక్కువ మెలి తిరుగుతుంది. అందువల్ల దూరంలో కోత తక్కువ. హ్యాండిక్యాప్ 8 నుంచి 18 మధ్య ఉండి, దెబ్బ తరచూ ఫేస్ మధ్యలోనే తగిలేవారికి, 7-ఐరన్ లాఫ్ట్ 32–34 ఉన్న కేవిటీ బ్యాక్ కంటే మంచి బేరం లేదు. దుకాణాల్లో వీటి గురించి ఎక్కువ హడావిడి ఉండదు, అంతే.

హాలో బాడీ ఐరన్లను ఎక్కువగా ప్లేయర్స్ డిస్టెన్స్ పేరుతో అమ్ముతున్నారు. బయటకు బ్లేడ్‌లా, లోపల బోలుగా ఉంటాయి. ఫేస్ స్ప్రింగ్‌లా పనిచేస్తుంది. వీటితో వచ్చే చిక్కు అప్పుడప్పుడూ ఒక షాట్ లెక్క తప్పి 10 గజాలు ఎక్కువ ఎగిరిపోవడం. 150 గజాల క్లబ్ పదిసార్లలో ఒకసారి 162 వెళ్తే, ఆ ఒక్కటీ గ్రీన్ వెనక పొదలోనే పడుతుంది. టెస్టులో సగటు చూస్తే ఇది కనిపించదు. విడివిడిగా షాట్లన్నీ చూడాలి.

గేమ్ ఇంప్రూవ్‌మెంట్, సూపర్ గేమ్ ఇంప్రూవ్‌మెంట్ రకాలకు వెడల్పాటి సోల్, ఎక్కువ ఆఫ్‌సెట్, పెద్ద ముఖం ఉంటాయి. బంతి వెనక నేలను కొట్టే అలవాటున్నవారికి వెడల్పు సోల్ ఎంతో మేలు చేస్తుంది, తవ్వకుండా జారిపోతుంది. ఆఫ్‌సెట్ వల్ల ఫేస్ మూసుకోవడానికి కాస్త సమయం దొరుకుతుంది కాబట్టి స్లైస్ (కుడిచేతి ఆటగాడి బంతి కుడికి వంగడం) తగ్గుతుంది. ఇప్పటికే హుక్ (దానికి ఎదురు, ఎడమకు వంగే షాట్) కొట్టే మనిషికి అదే ఆఫ్‌సెట్ ఇస్తే పుండు మీద కారం చల్లినట్టే.

ఫోర్జ్‌డ్ (సాగగొట్టి చేసినది) మంచిదా, కాస్ట్ (పోతపోసినది) మంచిదా అన్న వాదన ఎక్కడైనా వినిపిస్తుంది. చేతికి తెలిసే మెత్తదనంలో సగం శబ్దం వల్ల వచ్చేదే. ఫోర్జింగ్‌లో అసలు లాభం వేరు: మెత్తటి కార్బన్ స్టీల్ కాబట్టి లై (షాఫ్ట్ నేలతో చేసే కోణం), లాఫ్ట్ కోణాలను 2 డిగ్రీల పైగా వంచుకోవచ్చు. గట్టి 17-4 స్టెయిన్‌లెస్‌తో పోతపోసిన హెడ్‌ను అంత వంచబోతే హోజెల్ (షాఫ్ట్ దిగే మెడ) విరిగే ప్రమాదముంది.

షాఫ్ట్: అక్షరం కాదు, బరువు

షాఫ్ట్ ఎంత వంగుతుందో చెప్పే ఆర్ (రెగ్యులర్), ఎస్ (స్టిఫ్) అనే అక్షరాలకు పరిశ్రమంతటికీ ఒకే కొలత లేదు. ఒక కంపెనీ ఎస్ ఇంకో కంపెనీ ఆర్ అంత మెత్తగా ఉండొచ్చు. గ్రాముల్లో బరువు మాత్రం అబద్ధమాడదు. స్టీల్ షాఫ్ట్‌లలో డైనమిక్ గోల్డ్ ఎస్300 దాదాపు 130 గ్రాములు, నిప్పన్ ఎన్ఎస్ ప్రో 950 సుమారు 95 గ్రాములు, ఐరన్ గ్రాఫైట్‌లు ఎక్కువగా 50 నుంచి 80 గ్రాముల మధ్య. 7-ఐరన్ హెడ్ వేగం గంటకు 70 మైళ్ల లోపు ఉంటే గ్రాఫైట్‌తో మొదలుపెట్టాలి. 70–80 మధ్య తేలిక స్టీల్ లేదా బరువైన గ్రాఫైట్. 80–90 మధ్య 100–115 గ్రాములు. ఆ పైన ఇంకా బరువైనవి. ఇవి మొదలుపెట్టడానికి పనికొచ్చే కొలతలు మాత్రమే. కుదుపుతో స్వింగ్ చేసేవారికి కొంచెం బరువే మేలు.

తేడా కనిపించేది ఇలా. షాఫ్ట్ మరీ తేలికైతే దెబ్బలు ఫేస్ అంతా చెల్లాచెదురవుతాయి. మరీ బరువైతే మొదటి తొమ్మిది హోల్స్ బాగానే ఉంటాయి, 14వ హోల్ దాటాక బంతి కుడికి, పొట్టిగా పడటం మొదలవుతుంది. పది బంతుల టెస్టులో ఈ రెండోది దొరకదు. మోచేతి నొప్పి, మణికట్టు నొప్పి ఉన్నవాళ్లు గ్రాఫైట్‌ను ముసలివాళ్ల సరుకు అని తోసిపుచ్చకూడదు.

లై యాంగిల్‌ను చాలామంది పట్టించుకోరు. మార్కర్‌తో బంతి మీద నిలువు గీత గీసి, ఆ గీత ఫేస్ వైపు ఉండేలా నేల మీద పెట్టి కొట్టండి. ఫేస్ మీద ముద్ర పడుతుంది. గ్రూవ్‌లకు (ఫేస్ మీది అడ్డ గాడులకు) అది సరిగ్గా నిలువుగా ఉంటే లై సరైనది. ముద్ర పైభాగం టో వైపు వాలితే క్లబ్ మీకు ఎక్కువ నిటారు, దాన్ని పల్లం చేయించాలి. హీల్ (షాఫ్ట్ ఉన్న కొస) వైపు వాలితే దానికి వ్యతిరేకం. కుడిచేతి ఆటగాడికి నిటారు లై బంతిని ఎడమకు లాగుతుంది, పల్లం లై కుడికి తోస్తుంది. లాఫ్ట్ పెరిగేకొద్దీ ఈ ప్రభావం ఎక్కువ కాబట్టి వెడ్జ్‌లతోనే (అన్నిటికంటే ఎక్కువ లాఫ్ట్ ఉండే క్లబ్బులు) ముందు బయటపడుతుంది. ఆటగాడి ఎత్తును బట్టి లై నిర్ణయించడం సగం దారే. చేతులు నేలకు ఎంత ఎత్తులో ఉన్నాయన్నదీ, దెబ్బ తగిలే క్షణంలో అవి ఎంత పైకి లేస్తున్నాయన్నదీ అసలు లెక్క.

పరీక్షించే పద్ధతి

రెండు మూడు సెట్ల కంటే ఎక్కువ తీసుకోకండి. ఒంటికి వేడి పుట్టేదాకా సొంత క్లబ్‌తో 15 బంతులు కొట్టాక మొదలుపెట్టాలి. ఒక్కో 7-ఐరన్‌తో ఐదేసి బంతులు, మళ్లీ మొదటిది ఐదు, రెండోది ఐదు, ఇలా మార్చి మార్చి కొట్టాలి. ఒకే క్లబ్‌తో వరుసగా ఇరవై కొడితే చివరి పదింటిలో చెయ్యి దానికి అలవాటు పడిపోయి ఏ క్లబ్బైనా బాగానే అనిపిస్తుంది. ఫేస్ మీద ఇంపాక్ట్ టేపు గానీ ఫుట్ పౌడర్ స్ప్రే గానీ వాడితే దెబ్బ ఎక్కడ తగిలిందో కనిపిస్తుంది.

రాసుకోవాల్సినవి మూడు: అన్నిటికంటే దూరం వెళ్లినదాన్ని, పొట్టిగా పడినదాన్ని పక్కన పెట్టి మిగిలినవాటి క్యారీ, ముందువెనకల తేడా, దిగే కోణం. ఒక సెట్టు 8 గజాలు ఎక్కువ పంపినా ముందువెనకల తేడా 25 గజాలుంటే, 14 గజాల తేడా ఉన్న పొట్టి సెట్టే నయం.

చాప (ప్రాక్టీసుకు పరిచే కృత్రిమ గడ్డి) మీద చేసే పరీక్షకు ఒక లోపముంది. బంతికి రెండు అంగుళాల వెనక తగిలినా క్లబ్ చాప మీద జారి బంతిని చేరుకుంటుంది, షాట్ బాగానే కనిపిస్తుంది. గడ్డి మీద అదే దెబ్బ సగం దూరం పోదు. సోల్ ఎంపికను చాప మీద తేల్చకండి. కనీసం ఒక్కసారి గడ్డి మీద కొట్టి, డివట్ (క్లబ్ తవ్విన గుంట) ఎక్కడ మొదలైందో చూడండి. బంతి ఉన్న చోటికి ముందు, అంటే జెండా వైపు, మొదలైతే సరే. వెనక మొదలై లోతుగా ఉంటే వెడల్పు సోల్, ఎక్కువ బౌన్స్ (సోల్ నేలలోకి దిగకుండా ఆపే కోణం) కావాలి.

సెట్టు ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ముగియాలి

5-ఐరన్ క్యారీకీ 6-ఐరన్ క్యారీకీ మధ్య తేడా 7 గజాలు కూడా లేకపోతే 5-ఐరన్ సంచిలో దండగ. దాని స్థానంలో హైబ్రిడ్ (ఐరన్, వుడ్ కలిపినట్టుండే క్లబ్) లేదా 7-వుడ్ పెట్టుకోవాలి. 4-ఐరన్ విషయానికొస్తే, సెట్టులో ఉంది కాబట్టి మోయడం తప్ప చాలామందికి ఇంకో కారణం కనిపించదు.

కింది చివర ఇంకో గుంట ఉంటుంది. బలమైన (డిగ్రీలు తక్కువున్న) లాఫ్ట్‌ల సెట్టులో పిచింగ్ వెడ్జ్ 43 డిగ్రీలు. పాత శాండ్ వెడ్జ్ 56. మధ్యలో 13 డిగ్రీలంటే దాదాపు 30 గజాల ఖాళీ. పైగా అది 80 నుంచి 110 గజాల మధ్య పడుతుంది, అంటే స్కోర్ తయారయ్యే చోటే. దాన్ని 48, 52 లాంటి రెండు క్లబ్బులతో పూడ్చాలి. సంచిలో 14 క్లబ్బులే ఉండాలన్న నియమం గుర్తుంది కదా. అందుకే పైన దండగగా ఉన్న లాంగ్ ఐరన్ తీసి కింద వెడ్జ్ చేర్చడమే లెక్క. 15వ క్లబ్ పొరపాటున సంచిలో ఉండిపోతే స్ట్రోక్ ప్లేలో (మొత్తం స్ట్రోకులు లెక్కించే ఆటలో) అతిక్రమించిన ఒక్కో హోల్‌కు రెండు స్ట్రోకులు, రౌండ్ మొత్తానికి గరిష్ఠంగా నాలుగు.

కోర్సు మారితే ఏం మారుతుంది

లింక్స్ (సముద్రతీరపు) కోర్సుల నేల సముద్రపు ఇసుక, గడ్డి పొట్టి ఫెస్క్యూ, కింద గట్టిదనం. వెడల్పాటి సోల్, ఎక్కువ బౌన్స్ ఉన్న ఐరన్ ఇక్కడ నేలను తాకి ఎగిరి బంతి నడుముకు తగులుతుంది, థిన్ షాట్ వస్తుంది. సన్నటి సోల్ హాయిగా ఉంటుంది. ఇంతకుముందు చెప్పిన దిగే కోణం ఇక్కడ కొంత విలువ కోల్పోతుంది, ఎందుకంటే బంతిని గ్రీన్ ముందే దించి దొర్లించడమే ఈ ఆట. 60 గజాల నుంచి 8-ఐరన్‌తో దొర్లించిన బంతి, లాబ్ వెడ్జ్‌తో గాల్లోకి లేపిన బంతి కంటే ఎక్కువసార్లు జెండా దగ్గరకు చేరుతుంది. స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో ఏడు జంట గ్రీన్లు (రెండు హోల్స్‌కు ఒకే గ్రీన్) ఉన్నాయి. 40 గజాల పుట్‌కు కూడా సిద్ధపడి వెళ్లాలి. అక్కడి కుండ లాంటి బంకర్లలో ముందు గోడ నిలువుగా ఉంటే జెండా వైపు చూడటం మాని, పక్కకో వెనక్కో బయటకు కొట్టడమే తెలివి.

ఎదురుగాలిలో గట్టిగా కొట్టడం పెద్ద తప్పు. గట్టిగా కొడితే స్పిన్ పెరుగుతుంది, బంతి బుడగలా పైకి లేచి అక్కడే పడిపోతుంది. రెండు క్లబ్బులు ఎక్కువ తీసుకుని, అంగుళం కిందికి పట్టుకుని, ముప్పావు స్వింగ్ చేయాలి. గంటకు 10 మైళ్ల ఎదురుగాలి దాదాపు 10 శాతం దూరం తినేస్తుంది. అదే గాలి వెనక నుంచి వీస్తే దానిలో సగమే కలిసొస్తుంది.

చెట్ల మధ్య పార్క్‌లాండ్ కోర్సులు వేరే లోకం. తడి నేల, మెత్తటి గ్రీన్లు, బంతి పడిన చోటే ఆగుతుంది. వెడల్పు సోల్, బలమైన లాఫ్ట్ ఉన్నవారికి అనువైన చోటు ఇదే. వాన పడ్డాక రోల్ ఉండదు కాబట్టి క్యారీ అంకెలే నమ్మాలి. రఫ్‌లో కూరుకున్న బంతికి లాంగ్ ఐరన్ తీయకండి, పొడవాటి గడ్డి హోజెల్‌ను పట్టుకుని ఫేస్‌ను మూసేస్తుంది. బెర్ముడా, కికూయూ గడ్డిలో ఇది మరీ ఎక్కువ. గడ్డి పలుచగా ఉండి బంతి పైకి తేలి ఉంటే దీనికి వ్యతిరేకం జరుగుతుంది: ఫేస్‌కు బంతికి మధ్య గడ్డి ఇరుక్కుని స్పిన్ పోయి, 8-ఐరన్ షాట్ 7-ఐరన్ అంత దూరం వెళ్తుంది. అక్కడ ఒక క్లబ్ తగ్గించాలి.

ఇసుక నేల మీదే ఉన్నా మెల్‌బోర్న్ శాండ్‌బెల్ట్ కోర్సులు లింక్స్‌లా ఆడవు. 1926లో కోర్సుల రూపశిల్పి అలిస్టర్ మెకెంజీ వచ్చి రాయల్ మెల్‌బోర్న్‌కు రూపం గీసినప్పటి నుంచి అక్కడ బంకర్లు గ్రీన్ అంచులోకే కోసి ఉంటాయి, గ్రీన్లు గట్టిగా ఉంటాయి. ఏ వైపు నుంచి గ్రీన్‌ను సమీపిస్తున్నామన్నదే అక్కడ ఆట. టీ (హోల్‌లో మొదటి షాట్ కొట్టే చోటు) మీద డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్) వదిలి, సరైన కోణం ఇచ్చే వైపుకు హైబ్రిడ్ కొట్టడం ఎంతో సరదా. బంతి పల్లంగా దిగే ఐరన్లు అక్కడ నిజంగా బాధపెడతాయి.

కొండ ప్రాంతపు కోర్సుల్లో గాలి పలుచన. సముద్ర మట్టానికి 1500 మీటర్ల ఎత్తున బంతి 6 నుంచి 10 శాతం దూరం ఎక్కువ పోతుంది. స్పిన్ పట్టు కూడా తగ్గుతుంది కాబట్టి వంపు తిప్పాలని చూసిన షాట్ అంతగా తిరగదు. గ్రీన్ మీకంటే 10 గజాలు కింద ఉంటే దాదాపు 10 గజాలు తక్కువ లెక్కేయండి, పైన ఉంటే అంతే ఎక్కువ. చలిలో బంతి గట్టిపడి దూరం తగ్గుతుంది.

కొత్త కోర్సుకు వెళ్తే ఏ టీ నుంచి ఆడాలన్నది క్లబ్ ఎంపిక కంటే ఎక్కువగా రోజును నిర్ణయిస్తుంది. వాడుకలో ఉన్న సులువు లెక్క: 5-ఐరన్ (లేదా దాని స్థానంలోని హైబ్రిడ్) దూరాన్ని 36తో గుణించండి. 150 గజాలైతే 5400 గజాల కోర్సు. 6500 గజాల వెనక టీల నుంచి ఆడితే పార్-4 (నాలుగు స్ట్రోకుల్లో ముగించాల్సిన హోల్) లన్నిటికీ రెండో షాట్ వుడ్‌తోనే, ఇంత ఖర్చుపెట్టి కొన్న ఐరన్లు సంచిలోనే నిద్రపోతాయి.

స్కోర్ కార్డు మీద స్లోప్ రేటింగ్ (మామూలు ఆటగాడికి కోర్సు ఎంత కష్టమో చెప్పే అంకె) కూడా చూడండి. అది 55 నుంచి 155 మధ్య ఉంటుంది, 113 ప్రామాణికం. మీ హ్యాండిక్యాప్ ఇండెక్స్ 18, కోర్సు స్లోప్ 130, కోర్సు రేటింగ్ (నిపుణుడైన ఆటగాడి అంచనా స్కోరు) 71.2, పార్ 72 అనుకుంటే: 18ని 130తో గుణించి 113తో భాగిస్తే 20.7, దాంట్లోంచి 0.8 (72, 71.2 మధ్య తేడా) తీస్తే 19.9, అంటే మీకు దొరికే మినహాయింపు 20 స్ట్రోకులు. స్లోప్ ఎక్కువున్న చోట రెండు స్ట్రోకులు అదనంగా దొరికాయి కాబట్టి, కష్టమైన హోల్‌లో బోగీ (పార్ కంటే ఒక స్ట్రోక్ ఎక్కువ) కోసం ఆడటం తప్పుకాదు.

వాడిన సెట్టు కొంటే

ఐరన్లు తొందరగా పాతబడవు. నాలుగైదేళ్ల కిందటి కేవిటీ బ్యాక్ సెట్టు కొత్తదానితో దాదాపు సమానంగా ఆడుతుంది. 8-ఐరన్, 9-ఐరన్, పిచింగ్ వెడ్జ్ గ్రూవ్‌లలోకి వేలిగోరు పెట్టి గీరండి. అంచు తగలకుండా జారిపోతే అరిగిపోయినట్టే. షాఫ్ట్‌ను కంటి వరుసకు ఎత్తి చూసి వంకర ఉందేమో గమనించండి. అన్ని షాఫ్ట్‌ల మీదా ఒకే లేబుల్ ఉందో లేదో చూడండి, మధ్యలో ఒకటి విరిగి వేరేది వేయించి ఉంటే ఆ క్లబ్ ఒక్కటే వేరుగా ప్రవర్తిస్తుంది. క్లబ్బులన్నీ వరుసగా నిలబెట్టి పొడవు చూస్తే పక్కపక్క క్లబ్బుల మధ్య అర అంగుళం తేడా సమానంగా రావాలి. పాత యజమాని లై వంచి ఉండొచ్చు. అందుకే కొన్న వెంటనే కొలిపించి, లాఫ్ట్‌లు ఒక్కోటీ కాగితం మీద రాసి పెట్టుకోండి. గ్రిప్‌లు గట్టిపడి మెరుస్తుంటే మార్చాల్సిందే, ఆ ఖర్చును బేరంలోనే కలుపుకోవాలి.

సెట్టు ఇంటికి వచ్చాక మొదటి రౌండ్‌కే కాకుండా మూడు నాలుగు రౌండ్లకు ఒక్కో క్లబ్ క్యారీ రాసుకుంటూ పోండి. బాగా తగిలిన షాట్లు కాదు, మామూలుగా తగిలినవి. స్కోర్ కార్డు వెనక ఆ అంకెలతో ఆడితే గ్రీన్ ముందు బంకర్‌లో పడే బంతులు చాలావరకు తగ్గుతాయి.